ప్రాసెసర్ హీట్ సింక్‌కు సొంతంగా మార్పులు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

ఎండాకాలం రాగానే ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన కూలర్‌నే ఏదో ఒకటి చేసి నడిపించుకోవచ్చా, లేక కొత్తది కొనాల్సిందేనా? నడిపించుకోవచ్చు. కాకపోతే చాలామంది పని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఎమెరీ పేపర్ కొంటారు, చివర్లో ఉష్ణోగ్రత చూస్తారు.

ఇక్కడ చెప్పేది మూడు రకాల కూలర్ల గురించి: ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే గుండ్రటి అల్యూమినియం కూలర్, ఏఎండీ రైజెన్‌తో వచ్చే రైత్ స్టెల్త్, 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ కూలర్. ల్యాప్‌టాప్‌ల లెక్క వేరు, వాటి జోలికి పోవడం లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వేడి ప్రాసెసర్ మూత (చిప్ మీదుండే లోహపు పలక) నుంచి థర్మల్ పేస్టులోకి, పేస్టు నుంచి హీట్ సింక్ లోహంలోకి, లోహం నుంచి గాలిలోకి పోతుంది. కూలర్‌లో ఫ్యాన్ కాక మిగిలిన రెక్కల లోహపు ముక్కే హీట్ సింక్. రాగి ఉష్ణవాహకత (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) సుమారు 400, అల్యూమినియంది 200 పైన. మంచి పేస్టుది కూడా మామూలుగా పది లోపే. గాలిది 0.026. అంటే లోహం దగ్గర ఇబ్బంది తక్కువ. అసలు చిక్కంతా లోహానికి అటూ ఇటూ ఉన్న పేస్టు దగ్గర, గాలి దగ్గరే. మీరు చేసే మార్పులన్నీ ఆ రెండు చోట్లే ఉండాలి.

## 1. ముందు కొలవండి

కొలత లేకుండా మొదలుపెడితే చివరికి మిగిలేది "కొంచెం తగ్గినట్టే ఉంది" అన్న అనుమానం మాత్రమే.

ఉష్ణోగ్రత చూడడానికి విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ పెట్టుకోండి. లోడ్ కోసం, అంటే ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టడానికి, సినీబెంచ్‌ను పది నిమిషాల లూప్‌లో నడపండి, లేదా స్ట్రెస్-ఎన్‌జీ వాడండి. చివరి రెండు మూడు నిమిషాల అంకెలే రాసుకోండి. మొదటి నిమిషంలో లోహం ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది కాబట్టి ఆ అంకెలను నమ్మకండి.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- గది ఉష్ణోగ్రత (క్యాబినెట్‌కు ఒక అడుగు దూరంలో థర్మామీటర్ పెట్టి)
- ప్రాసెసర్ ప్యాకేజ్ ఉష్ణోగ్రత
- ప్యాకేజ్ పవర్, వాట్లలో
- ఫ్యాన్ ఆర్‌పీఎం
- థర్మల్ థ్రాట్లింగ్ (వేడి ఎక్కువై ప్రాసెసర్ తన వేగం తగ్గించుకోవడం) దగ్గర "యెస్" పడిందా లేదా

అసలు అంకె ప్రాసెసర్ ఉష్ణోగ్రత కాదు, దానికీ గదికీ మధ్య తేడా. గది 28 ఉన్నప్పుడు ప్రాసెసర్ 78 అంటే తేడా 50. అదే లోడ్‌తో గది 38 అయితే ప్రాసెసర్ దాదాపు 88 చూపిస్తుంది. కూలర్ చెడిపోలేదు, ఎండ పెరిగిందంతే. జనవరిలో "ముందు" కొలిచి ఏప్రిల్‌లో "తర్వాత" కొలిస్తే ఎంత మంచి మార్పు చేసినా నష్టం వచ్చినట్టే కనిపిస్తుంది.

కోర్ ఐ5-12400కి ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 5 5600కి 90. రైజెన్ 7000 వరుస పెద్ద ప్రాసెసర్లు లోడ్ మీద 95 దాకా వెళ్లేలాగే తయారయ్యాయి, వాటికి ఆ అంకె చూసి కంగారుపడనక్కర్లేదు. అలాంటి ప్రాసెసర్‌లో కూలింగ్ మెరుగుపడితే ఉష్ణోగ్రత తగ్గకపోయినా క్లాక్ స్పీడ్ పెరుగుతుంది. కాబట్టి ఆ అంకె కూడా రాసుకోండి.

## 2. తప్పు ఎక్కడుందో పట్టుకోండి

ఇంకా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. అదే పరీక్ష క్యాబినెట్ పక్క డోర్ తీసి ఇంకోసారి చేయండి.

డోర్ తీయగానే తేడా ఆరేడు డిగ్రీలు తగ్గిందంటే తప్పు హీట్ సింక్‌ది కాదు. అది తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటోంది. వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, ముందు ఒక ఇన్‌టేక్ ఫ్యాన్ పెట్టి చూడండి. చాలామందికి పని అక్కడితో అయిపోతుంది.

డోర్ తీసినా ఒకటి రెండు డిగ్రీలకు మించి మారకపోతే, లోడ్ పెట్టిన మొదటి రెండు మూడు సెకన్లలో ఏం జరుగుతుందో గమనించండి. ఉష్ణోగ్రత ఒక్కసారిగా హద్దు దగ్గరికి ఎగబాకితే తప్పు సాధారణంగా పేస్టు, పట్టుల దగ్గర ఉంటుంది. మెల్లగా, నిమిషాల తరబడి పెరుగుతూ పోతే లోహంలోకి వేడి బాగానే వస్తోంది, గాలే దాన్ని మోసుకుపోవడం లేదు. మొదటి రకానికి 6, 7, 8, 10 అంకెల కింద ఉన్న పనులు అక్కరకొస్తాయి. రెండో రకానికి 5, 9.

## 3. సామాను

- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని బట్ట లేదా కాఫీ ఫిల్టర్ కాగితాలు
- థర్మల్ పేస్టు, నాలుగు గ్రాముల ట్యూబు. ఒక్క గ్రాముది కొనకండి, కనీసం మూడుసార్లు పూస్తారు
- వాటర్ పేపర్: 400, 600, 800, 1000 గ్రిట్లలో (అంకె పెరిగేకొద్దీ కాగితం నునుపు) రెండేసి
- 8 మి.మీ. మందం అద్దం ముక్క, కనీసం అడుగు పొడవు. అద్దాల షాపులో మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు, అంచులు నూరించుకోండి
- పర్మనెంట్ మార్కర్, స్టీలు స్కేలు, మెత్తని పెయింట్ బ్రష్
- కేబుల్ టైలు, సన్న ఫోమ్ టేపు, డక్ట్ (గాలి గొట్టం) చేయాలనుకుంటే ఫైల్ కవర్ లాంటి గట్టి ప్లాస్టిక్ షీటు
- బోల్టు పట్టు పెట్టాలనుకుంటే: మీ సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సరిపోయే బ్యాక్‌ప్లేట్ (బోర్డు వెనక పెట్టే పలక), ఎం3 బోల్టులు, స్ప్రింగులు, నైలాన్ వాషర్లు

వాటర్ పేపర్ అంటే తడిపి రుద్దే నల్లటి ఎమెరీ పేపర్. కార్ల పెయింటింగ్ సామాను అమ్మే షాపులో అడిగితే గ్రిట్ చూసి ఇస్తారు. చెక్కకు వాడే గోధుమరంగు కాగితం నీళ్లు తగలగానే విడిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పేస్టు, ఫ్యాన్లు సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దొరుకుతాయి, స్ప్రింగులు, బోల్టులకు రాణిగంజ్.

## 4. విప్పడం

పవర్ కేబుల్ పీకండి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ వైరు తీయండి.

ఇంటెల్ పుష్ పిన్ కూలర్‌కు నాలుగు పిన్నులనూ వాటి మీదున్న బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. మళ్లీ బిగించేటప్పుడు బాణానికి ఎదురు దిశలో పాత స్థానానికి తిప్పి, ఆ తర్వాతే నొక్కాలి. ఈ రెండో సంగతి మరచిపోయే చాలా పిన్నులు పట్టుకోవు.

ఏఎం4 సాకెట్ రైజెన్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రాసెసర్‌కు కింద సన్నటి పిన్నులుంటాయి. పేస్టు ఎండి అతుక్కుపోయి ఉంటే, కూలర్‌ను లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగాయంటే అసలు పని పక్కన పెట్టి వాటిని సరిచేసుకుంటూ కూర్చోవాలి. అందుకని విప్పే ముందు పీసీని పది నిమిషాలు లోడ్ మీద నడపండి. ఆపి, నాలుగు స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా మెలితిప్పండి. పట్టు వదిలిందని చేతికి తెలిశాకే పైకి ఎత్తండి.

ఇంకోటి: ఏఎం4 బోర్డులో ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పితే వెనకున్న బ్యాక్‌ప్లేట్ ఊడి కింద పడుతుంది. బోర్డు నిలువుగా ఉంటే వెనక చేయి పెట్టండి.

## 5. కడగడం

ఫ్యాన్‌ను హీట్ సింక్ నుంచి విడదీయండి. లోహపు ముక్కను మాత్రమే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పావుగంట నానబెట్టి, బ్రష్‌తో రెక్కల పొడవునా తోమండి. అడ్డంగా తోమితే టవర్ కూలర్ల పల్చటి రెక్కలు వంగిపోతాయి. వంగినవాటిని పాత ఏటీఎం కార్డుతో నిలబెట్టండి.

బాగా ఆరాలి. టేబుల్ ఫ్యాన్ ముందు రెండు మూడు గంటలు ఉంచండి. రెక్కల మొదట్లో నీళ్లు దాక్కుంటాయి, పైకి ఆరినట్టే కనిపిస్తుంది.

వంటింటి పక్క గదిలో ఉండే పీసీలకు దుమ్ము నూనెతో కలిసి రెక్కల మధ్య బంకలా పడుతుంది. దానికి బ్లోయర్ చాలదు, ఈ స్నానమే మందు. రెండేళ్లుగా విప్పని కూలర్ అయితే కడిగి, కొత్త పేస్టు పూసి, ఒకసారి పెట్టి కొలవండి. ఆ అంకెతో మీకు సరిపోతే ఈ కింద ఉన్నదేమీ చేయనక్కర్లేదు.

## 6. బేస్ ఎలా ఉందో చూడండి

పాత పేస్టును ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవండి. స్టీలు స్కేలు అంచును బేస్ మీద నిలబెట్టి, వెనక నుంచి మొబైల్ లైటు వేయండి. అడ్డంగా, నిలువుగా, రెండు మూలల మీదుగా చూడాలి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే బేస్ లోపలికి గుంట పడి ఉంది. రెండు చివర్లలో కనిపిస్తే మధ్య ఉబ్బి ఉంది.

ఇంతకన్నా స్పష్టమైన పరీక్ష ఒకటుంది. బేస్ మీద బియ్యపు గింజంత పేస్టును కార్డుతో పల్చగా పరిచి, అద్దం మీద నిటారుగా నొక్కి, అద్దాన్ని పైకెత్తి అడుగు నుంచి చూడండి. పేస్టు తడిగా, ముదురుగా అంటుకున్న చోటే లోహం అద్దాన్ని తాకుతోంది. పాలిపోయి బుడగలు కనిపించే చోట ఖాళీ ఉంది. చవక కూలర్లలో అంచు చుట్టూ ముదురు రింగు, నడుమ రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ కనిపించడం కద్దు. ఆ నడుమే ప్రాసెసర్ చిప్ ఉండే చోటు.

ఇప్పుడు లెక్క చూడండి. 9 చదరపు సెంటీమీటర్ల చోటులోంచి 100 వాట్లు పోతున్నాయనుకుందాం. పేస్టు వాహకత 5. పేస్టు పొర 0.1 మి.మీ. ఉంటే దాని దగ్గర పోయేది 2 డిగ్రీల పైచిలుకు. 0.3 మి.మీ. ఉంటే 6 నుంచి 7. వేడి అంతటా సమానంగా కాక చిప్ ఉన్న చోటే ఎక్కువగా పుడుతుంది కాబట్టి నిజంగా పడే తేడా ఇంకాస్త ఎక్కువ. బేస్ అరగదీయడం వల్ల వచ్చే లాభం ఈ స్థాయిలోనే ఉంటుంది. ఇరవై డిగ్రీలు తగ్గాయని ఎవరైనా అంటే, వాళ్ల కూలర్ అంతకుముందు సరిగ్గా కూర్చోలేదని అర్థం.

అరగదీయకూడని బేస్‌లు:

- హీట్ పైపులే బయటికి కనిపిస్తూ నేరుగా ప్రాసెసర్‌కు తగిలేవి. పైపు గోడ చాలా పల్చన. చిల్లు పడితే లోపలి ద్రవం, శూన్యం రెండూ పోయి అది ఉత్త రాగి గొట్టంగా మిగులుతుంది.
- వేపర్ చాంబర్ బేస్‌లు, అంటే లోపల ద్రవం ఉన్న బోలు పలకలు. కారణం అదే.
- కావాలనే మధ్య కొద్దిగా ఉబ్బెత్తుగా చేసినవి. మంచి కంపెనీల టవర్ కూలర్లలో ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వకం. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో ప్రాసెసర్‌ను నొక్కి పట్టే బిగింపు వల్ల ప్రాసెసర్ మూత మధ్యలో కొంచెం కుంగుతుంది. దానికి ఉబ్బెత్తు బేసే బాగా పడుతుంది. దాన్ని సమంగా అరగదీస్తే ఉన్నది పోతుంది.

నికెల్ పూత ఉన్న రాగి బేస్‌ను అరగదీయవచ్చు, పూత పోయి రాగి బయటపడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి బయటపడ్డ రాగి నల్లబడుతుంది. పేస్టు కింద ఉన్న భాగానికి గాలి తగలదు కనుక కూలింగ్‌కు ఇబ్బంది లేదు. వారంటీ మాత్రం పోతుంది.

## 7. బేస్‌ను సమంగా అరగదీయడం

ఈ పని మదర్‌బోర్డు ఉన్న గదిలో చేయకండి. లోహపు పొడి కరెంటును మోస్తుంది.

7.1 ఫ్యాన్, ప్లాస్టిక్ ఫ్రేము, క్లిప్పులు అన్నీ తీసేయండి. అద్దాన్ని కదలని బల్ల మీద, కింద తడిబట్ట వేసి పెట్టండి. వాటర్ పేపర్ వెనక తడిపి అద్దం మీద పరిస్తే అదే అంటుకుంటుంది. పైన నీళ్లు చల్లి, ఒక చుక్క సోప్ లిక్విడ్ వేయండి.

7.2 బేస్ మీద మార్కర్‌తో గళ్లు గీయండి, మూలలతో సహా. ఎంత అరిగిందో, ఎక్కడ అరిగిందో చెప్పేవి ఆ గీతలే.

7.3 గుంట ఎక్కువుంటే 400తో, కొద్దిగా ఉంటే 600తో మొదలుపెట్టండి. హీట్ సింక్‌ను బేస్‌కు వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. పైన పట్టుకుని తోస్తే టవర్ ముందుకు ఒరుగుతుంది, అంచులు గుండ్రంగా అరుగుతాయి. చేత్తో నొక్కకండి. దాని బరువే చాలు. మీ చేయి దారి చూపితే చాలు.

7.4 ఒకే దిశలో పది లాగులు. పావు చుట్టు తిప్పి మళ్లీ పది. ఇలా నాలుగు వైపులా అయ్యాక కడిగి చూడండి. బేస్ గుంటగా ఉంటే ముందు నాలుగు అంచుల దగ్గర గీతలు మాయమవుతాయి, నడుమ గళ్లు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటాయి. అంచు నుంచి మెరుపు లోపలికి మెల్లగా పాకుతూ వస్తుంది. నడుమ చివరి గీత పోయే దాకా ఈ గ్రిట్ వదలకండి. ఒక పక్కే మెరిసి ఎదురు పక్క గీతలు అలాగే ఉంటే మీ చేయి ఒక వైపు బరువేస్తోంది. పట్టు మార్చండి.

7.5 తర్వాతి గ్రిట్‌కు వెళ్లే ముందు అద్దాన్నీ, హీట్ సింక్‌నూ పూర్తిగా కడగండి. 400 నాటి ఒక్క రేణువు 800 కాగితం మీద మిగిలినా పొడవాటి గీత పడుతుంది. ఒక్కో గ్రిట్‌లోనూ మళ్లీ గళ్లు గీసి, అవి పోయే దాకా, అంతకుముందు గ్రిట్ గీతలు కనపడని దాకా రుద్దాలి.

7.6 1000 దగ్గర ఆపేయండి. అద్దంలా ముఖం కనిపించాలని 3000 దాకా పోయేవాళ్లున్నారు. ఫొటోకు బాగుంటుంది, ఉష్ణోగ్రతకు చెప్పుకోదగ్గ లాభం లేదు. కావాల్సింది సమతలం, మెరుపు కాదు. పాలిష్ క్రీములు వాడితే వాటి మైనం వదిలించుకోవడం అదనపు పని.

7.7 సోప్‌తో కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్‌తో తుడిచి, అద్దం మీద పేస్టు పరీక్ష మళ్లీ చేయండి.

ఇంటెల్ గుండ్రటి కూలర్‌తో ఒక ఇబ్బంది ఉంది. దాని బేస్ చిన్నది, రెక్కలు చుట్టూ విప్పారి ఉంటాయి, అందుకని రుద్దేటప్పుడు ఊగుతుంది. లాగు పొడవు తగ్గించి, మెల్లగా చేయడం తప్ప వేరే దారి లేదు. ప్రాసెసర్ మూతను కూడా రుద్దమని చెప్పే సలహాలు కనిపిస్తాయి. నేనైతే వద్దంటాను. వారంటీతో పాటు దాని మీద చెక్కిన మోడల్ అక్షరాలు కూడా పోతాయి, రేపు అమ్ముకోవాలన్నా ఎవరూ నమ్మరు.

## 8. పుష్ పిన్నుల బదులు బోల్టులు

ఇంటెల్ పెట్టె కూలర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చనిది ఈ ప్లాస్టిక్ పిన్నులే. ఏళ్లు గడిచేకొద్దీ, విప్పి పెట్టేకొద్దీ వాటి పట్టు సడలుతుంది. ఒక్క పిన్ను వదులైనా కూలర్ ఓ పక్కకు ఒరిగి పేస్టు పొర మందమవుతుంది.

రంధ్రాల మధ్య దూరం సాకెట్‌ను బట్టి మారుతుంది: ఎల్‌జీఏ 775కు 72 మి.మీ., ఎల్‌జీఏ 1150 నుంచి 1200 దాకా 75 మి.మీ., ఎల్‌జీఏ 1700కు 78 మి.మీ. బ్యాక్‌ప్లేట్ కొనేటప్పుడు ఈ అంకె అడగండి. "అన్నిటికీ సరిపోతుంది" అన్న మాట వినకండి. ఏఎండీ కూలర్ ఇప్పటికే స్క్రూలతో బిగుస్తుంది కాబట్టి ఆ పక్షం వాళ్లు ఈ పని వదిలేయవచ్చు.

1. మదర్‌బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీయండి.
2. నల్ల పిన్నును లాగి, తెల్ల కాళ్లను దగ్గరకు నొక్కి, నాలుగూ ఊడదీయండి.
3. బ్యాక్‌ప్లేట్ లోహానిదైతే బోర్డుకు తగిలే చోట ఇన్సులేషన్ షీటు ఉండాలి. ప్రతి రంధ్రం దగ్గరా రెండు వైపులా నైలాన్ వాషర్ వేయండి.
4. బోల్టులు వెనక నుంచి వేసి, పైన కూలర్ చేతులు, వాటి మీద వెడల్పు వాషర్, స్ప్రింగ్, నట్టు ఆ వరుసలో పెట్టండి. వెడల్పు వాషర్ లేకపోతే ప్లాస్టిక్ చేయి పగులుతుంది.
5. ఎదురెదురు మూలల్లో అరచుట్టు చొప్పున బిగించండి. స్ప్రింగ్ సగం నొక్కుకోగానే ఆపండి.

బోర్డు వెనక స్కేలు పెట్టి చూడండి. వంపు కంటికి కనిపిస్తే ఎక్కువ బిగించారు, వెంటనే వదులు చేయండి. స్ప్రింగ్ లేకుండా నేరుగా నట్టు బిగిస్తే ఎంత ఒత్తిడి పడుతోందో తెలిసే దారి లేదు.

## 9. ఫ్యాన్, గాలి దారి

100 వాట్ల వేడిని గాలి మోసుకుపోవాలంటే, గాలి 10 డిగ్రీలు వేడెక్కేలా అయితే సెకనుకు 8 నుంచి 9 లీటర్ల గాలి రెక్కల మధ్యగా పోవాలి. "రెక్కల మధ్యగా" అన్నదే కీలకం. పక్కల నుంచి జారిపోయిన గాలి ఈ లెక్కలోకి రాదు.

### 9.1 పెట్టె కూలర్ మీద 120 మి.మీ. ఫ్యాన్

చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగి గోల చేసే కన్నా పెద్దది మెల్లగా తిరగడం చెవులకూ మంచిదే. రైత్ స్టెల్త్ నుంచి పాత ఫ్యాన్ తీసేసి, కొత్త ఫ్యాన్‌ను నాలుగు మూలల్లో కేబుల్ టైలతో రెక్కలకు కట్టవచ్చు. కానీ నేరుగా రెక్కల మీద ఆనించకండి. ఫ్యాన్ నడుమ మోటారు ఉన్న చోట గాలి రాదు, సరిగ్గా దాని కిందే హీట్ సింక్ అన్నిటికన్నా వేడిగా ఉంటుంది. 10 నుంచి 15 మి.మీ. ఎత్తు ఇస్తే గాలి నడుమకు కూడా అందుతుంది.

ఆ ఎత్తు చుట్టూ ప్లాస్టిక్ షీటుతో గరాటులా మూయండి: పైన 120 మి.మీ. చదరం, కింద హీట్ సింక్ కొలత. సందులకు ఫోమ్ టేపు. కింద నుంచి మాత్రం రెండు వేళ్ల ఎత్తు వదిలేయండి. ఆ బయటికొచ్చే గాలే బోర్డు మీద వోల్టేజ్ భాగాలను చల్లబరుస్తుంది.

కట్టే ముందు ర్యామ్ స్టిక్కులకు ఫ్యాన్ తగులుతుందేమో, డోర్ మూసుకుంటుందో లేదో చూసుకోండి. మామూలు ఫ్యాన్ మందం 25 మి.మీ.

### 9.2 ఫ్యాన్ ఎంపిక

రెక్కల మధ్యలోంచి గాలిని తోయాలి కాబట్టి స్టాటిక్ ప్రెజర్ ఎక్కువున్న ఫ్యాన్ తీసుకోండి. క్యాబినెట్ ఫ్యాన్లలో చాలావాటికి గాలి బాగానే ఉంటుంది, అడ్డం వస్తే తోసే శక్తి ఉండదు. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్ అయితే బోర్డే వేగం చూసుకుంటుంది. మూడు పిన్నులది పెడితే బయోస్‌లో ఆ హెడర్‌ను (బోర్డు మీద ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) డీసీ మోడ్‌కు మార్చాలి, లేదంటే ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. బోర్డు హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. రెండు ఫ్యాన్లకు వై కేబుల్ వేసేటప్పుడు రెండింటి స్టిక్కర్ల మీది అంకెలు కూడి చూడండి.

గాలి దిశ: ఫ్యాన్ ఫ్రేము మీద బాణం ఉంటుంది. లేకపోతే, మోటారును పట్టుకునే కడ్డీలున్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది.

### 9.3 బయటి గాలి నేరుగా అందించడం

క్యాబినెట్ డోర్‌కు ప్రాసెసర్ ఎదురుగా జాలీ ఉంటే అదృష్టం. కూలర్ ఫ్యాన్ నుంచి జాలీ దాకా ప్లాస్టిక్ షీటుతో గొట్టం చేసి, చివర ఫోమ్ టేపు వేసి డోర్ మూయండి. ఫ్యాన్ ఇక గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలి కాకుండా గది గాలి పీలుస్తుంది. 2వ అంకె కింద డోర్ తీసినప్పుడు ఎన్ని డిగ్రీలు తగ్గాయో దాదాపు అంతా ఇక్కడ తిరిగొస్తుంది. దుమ్ము కూడా నేరుగా అక్కడికే వస్తుంది కనుక జాలీకి సన్న నెట్ కట్టండి.

టవర్ కూలర్‌కు వెనక రెండో ఫ్యాన్ పెడితే వచ్చే లాభం తక్కువే. ముందున్న ఫ్యాన్ మంచిదైతే ఆ డబ్బు క్యాబినెట్ ఇన్‌టేక్ ఫ్యాన్‌కు పెట్టడం నయం.

## 10. పేస్టు, బిగింపు

మూతను, బేస్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. చిన్న మూతకు నడుమ బఠాణీ గింజంత. ఎల్‌జీఏ 1700 లాంటి పొడవాటి మూతకు చిన్న గీత, లేదా నడుమ ఒక చుక్క, మూలల దగ్గర నాలుగు చిన్న చుక్కలు.

కూలర్‌ను నిటారుగా దించండి. దించాక పైకెత్తి మళ్లీ పెట్టకండి, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఎత్తాల్సి వస్తే తుడిచేసి కొత్తగా పూయండి. ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించండి. పుష్ పిన్నులైతే బోర్డు వెనక నుంచి నాలుగు కాళ్లూ పూర్తిగా బయటికొచ్చి విచ్చుకున్నాయో లేదో లైటు వేసి చూడండి.

మొదటిసారి మార్పు చేసిన కూలర్‌ను ఒకసారి బిగించి, వెంటనే విప్పి ముద్ర చూడమంటాను. పేస్టు ఖర్చవుతుందనుకోకండి. నడుమ పేస్టు దాదాపు లోహం కనిపించేంత పల్చగా, అంచులకు పోను పోను కొంచెం మందంగా ఉంటే సరిగ్గా కూర్చుంది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క తుడిచేసినట్టు ఉంటే ఒరిగింది.

## 11. మళ్లీ కొలత

ఒక మార్పు, ఒక కొలత. మూడూ కలిపి చేసి పది డిగ్రీలు తగ్గితే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు.

మొదట ఆన్ చేసినప్పుడు నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఫ్యాన్ ఆర్‌పీఎం వస్తోందా, ఉష్ణోగ్రత నిలకడగా ఉందా చూడండి. అక్కడే 70, 80 అని ఎక్కుతూ పోతే ఆపేయండి.

- అదే ప్రోగ్రాం, అదే పది నిమిషాలు
- డోర్ మూసి
- ప్యాకేజ్ పవర్ మునుపటి అంకెకు దగ్గరగా ఉందా
- ఫ్యాన్ వేగం ఒకటేనా (బయోస్‌లో రెండుసార్లూ ఫుల్ స్పీడు పెట్టి కొలిస్తే తగాదా ఉండదు)
- గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా ఎంత

తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఏమీ మారలేదనే లెక్క.

## 12. ఏదైనా తేడా వస్తే

ఆన్ చేయగానే 90 దాటింది. కొత్త కూలర్ బేస్‌కు ఉండే ప్లాస్టిక్ స్టిక్కర్ తీశారా? తీశాక కూడా అంతే ఉంటే ఒక పిన్ను పట్టుకోలేదు.

ఒక కోర్ మాత్రం మిగతావాటికన్నా బాగా వేడి. కొద్ది డిగ్రీల తేడా మామూలే. మునుపు లేనిది ఇప్పుడు పదికి పైగా కనిపిస్తే కూలర్ ఒరిగింది. ముద్ర చూడండి.

అరగదీశాక ఇంకా వేడెక్కింది. అంచులు గుండ్రంగా అరిగి బేస్ ఉబ్బెత్తు అయి ఉంటుంది, లేదా ఉబ్బెత్తుగా ఉండాల్సిన బేస్‌ను సమం చేసి ఉంటారు. మొదటిదైతే 600తో మళ్లీ మొదలుపెట్టండి. రెండోదైతే బేస్ తిరిగిరాదు. ఎల్‌జీఏ 1700 వాళ్లు కాంటాక్ట్ ఫ్రేమ్ పెట్టి చూడవచ్చు, అది మూత కుంగడాన్ని తగ్గిస్తుంది.

పీసీ ఆన్ కావడం లేదు. ఏఎం4లో పిన్నులు, ఇంటెల్‌లో బ్యాక్‌ప్లేట్ షార్ట్, రెండింటిలోనూ ఊడిన ర్యామ్. ఈ వరుసలో చూడండి.

"సీపీయూ ఫ్యాన్ ఎర్రర్". ఫ్యాన్ వేరే హెడర్‌లో పెట్టారు, లేదా పెద్ద ఫ్యాన్ ఆర్‌పీఎం బయోస్ కింది హద్దు కన్నా తక్కువ ఉంది. బయోస్‌లో ఆ హద్దు తగ్గించండి.

కిర్రుమనే చప్పుడు. కేబుల్ టై తోక రెక్కకు తగులుతోంది. కత్తిరించండి.

## 13. చేయకూడనివి

అల్యూమినియం హీట్ సింక్ మీద లిక్విడ్ మెటల్ పూయవద్దు. అందులోని గాలియం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. పెట్టె కూలర్లలో చాలావాటికి బేస్ అల్యూమినియమే.

టూత్‌పేస్ట్, వాసెలిన్ లాంటివి ఒక పూట పనిచేసినట్టే ఉంటాయి. కొన్నాళ్లకు పనికిరాకుండా పోతాయి.

రెక్కలకు నల్లరంగు వేయడం వల్ల లాభం లేదు. ఫ్యాన్ ఉన్నప్పుడు వేడి పోయేది దాదాపు అంతా గాలి ద్వారానే, రంగు పొర దానికి అడ్డమే.

రెక్కలకు రంధ్రాలు వేయడం, మధ్య రెక్కలు కోసేయడం కూడా అంతే: గాలికి తగిలే లోహం తగ్గిపోతుంది.

చివరగా కొనుగోలు సంగతి. 65 వాట్ల ప్రాసెసర్‌కు ఈ మార్పులు సరిపోతాయి. లోడ్ మీద 120 వాట్లు దాటే ప్రాసెసర్ ఉండి, కూలర్ అల్యూమినియం ముక్క మాత్రమే అయితే, నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ కొనుక్కోండి. పేస్టు, బోల్టులు, ఫ్యాన్ కలిపి అయ్యే ఖర్చు దాని ధరకు దగ్గరగానే వస్తుంది. ఏది వాడినా మూడు నెలలకోసారి రెక్కల దుమ్ము దులిపి, ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకుని మాత్రమే బ్లోయర్ కొట్టండి.